అదే ఊరు... అదే సముద్రం... అదే వాకిలి!

స్కాట్లండ్ ఈశాన్య తీరంలో కాటర్లైన్ అనే ఓ చిన్న జాలరిపల్లె. కొండ కొమ్మున ఒక వరస ఇళ్లు, కింద హోరుమనే సముద్రం. ఆ ఊరినే పదేళ్లకు పైగా మళ్లీ మళ్లీ చిత్రించి, 42 ఏళ్లకే వెళ్లిపోయింది జోన్ ఎర్డ్లీ. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి బ్రిటన్ కళలో ఆమెది విడిగా నిలిచే పేరు. చివరి రోజుల్లో ఆమె వేసిన ఒక మంచు చిత్రం, దాని వెనకున్న జీవితం... ఈ వారం ముఖచిత్ర కథనం.

మంచు తెల్లగా ఉంటుందనుకునేవాళ్లు ఈ చిత్రం ముందు కాసేపు నిలబడాలి. ఇందులో మంచు బూడిదరంగులో ఉంది. అక్కడక్కడ పసుపుకు తిరిగింది. కింద మట్టి పైకి తేలినచోట గోధుమరంగులోకి దిగింది. పేరు 'కాటర్లైన్‌లో చలికాలం'. సుమారు 1963లో హార్డ్‌బోర్డు మీద నూనెరంగులతో వేసింది. ఎత్తు నాలుగడుగులు, వెడల్పు ఇంకో నాలుగంగుళాలు ఎక్కువ. ఇప్పుడు స్కాట్లండ్ జాతీయ గ్యాలరీల సొత్తు.

బొమ్మలో చెప్పుకోదగ్గ సంఘటనేదీ లేదు. వాలు నేల. పైన కొండ కొమ్మున ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ పొట్టి ఇళ్లు. వాటి నెత్తిన బరువుగా దిగిన ఆకాశం. అందులో కాంతి చచ్చిన ఒక బింబం, సూర్యుడో చంద్రుడో ఒక పట్టాన తేల్చుకోలేం. మనిషి జాడ ఎక్కడా లేదు.

కానీ చూస్తున్నకొద్దీ చలి తెలుస్తుంది. ఇళ్లు కొలతపెట్టి గీసినట్టుండవు. గాలికి ఓ పక్కకు ఒరిగి, మళ్లీ పట్టుకుని నిలబడ్డట్టుంటాయి. వాలు మీద కుంచె నడిచిన తీరు చూస్తే, ఆ నేల మీద నడవడం ఎంత కష్టమో అర్థమవుతుంది. రంగు ఒకచోట గడ్డకట్టి ఉంటుంది, ఇంకోచోట పలచబడి కింది పొర కనిపిస్తుంది. ఊరి అందం చూపించడం కోసం వేసిన బొమ్మ కాదిది. ఆ ఊళ్లో ఆ చలిలో బతికిన మనిషి వేసింది. ఆ వరసలోని ఇళ్లలోనే ఆమె కాపురం ఉండేది.

ఎర్డ్లీ కళంతా కలిపి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆమెకు రెండే రెండు చోట్లు. ఒకటి గ్లాస్గో నగరంలో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న నాలుగు వీధులు. రెండోది ఈ పల్లె. మంచి దృశ్యం కోసం ఊళ్లు పట్టుకుని తిరగలేదు. ఉన్నచోటు నుంచి కదలకుండా, చూసినదాన్నే మళ్లీ చూసింది. ఒకదాన్ని ఎంత బాగా ఎరిగితే అందులోంచి అంత ఎక్కువ రాబట్టవచ్చని, ఊరు దాటడం మాట అటుంచి నిలబడ్డ చోటు నుంచి కూడా సాధారణంగా కదలనని ఆమె ఒక ముఖాముఖిలో చెప్పింది. ఆ పట్టుదలే ఆమె బలం. దాన్ని అర్థం చేసుకోవాలంటే మొదటి నుంచి చూడాలి.

పాడి పొలం నుంచి గ్లాస్గోకు

జోన్ పుట్టింది 1921 మే 18న, దక్షిణ ఇంగ్లండులోని ససెక్స్‌లో, వార్నమ్ అనే పల్లె దగ్గర ఓ పాడి పొలంలో. తల్లి ఐరీన్ స్కాట్లండ్ ఆడపడుచు. తండ్రి విలియం మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడు. విషవాయువు బారినపడి బతికి బయటపడ్డాడు గానీ మనసు కుదుటపడలేదు. పొలం పోయింది. 1929లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి జోన్‌కు ఎనిమిదేళ్లు. చెల్లెలు ప్యాట్ ఇంకా చిన్నది. తండ్రి ఎలా పోయాడన్నది అక్కచెల్లెళ్లిద్దరికీ పెద్దయ్యాక గానీ తెలియలేదు.

తల్లి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని లండన్‌లోని పుట్టింటివాళ్ల దగ్గర చేరింది. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక కుటుంబమంతా గ్లాస్గో పక్కనున్న బేర్స్‌డెన్‌కు మారింది. 1940లో జోన్ గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరింది. 1943లో పట్టా తీసుకున్నప్పుడు ఆమె వేసిన స్వీయచిత్రానికి బహుమతి వచ్చింది. ఉపాధ్యాయ శిక్షణలో చేరి కొద్దికాలానికే మానేసి, యుద్ధం ముగిసేదాకా వడ్రంగి దగ్గర పనికి కుదిరింది. చెక్కను కోయడం, బిగించడం వచ్చిన ఆ చేతులే తర్వాత బరువైన హార్డ్‌బోర్డు పలకల్ని తుపానుగాలిలో మోశాయి.

1947లో ఆర్బ్రోత్ దగ్గరి హాస్పిటల్‌ఫీల్డ్ కళాకేంద్రంలో కొన్నాళ్లు చదివింది. ప్రయాణ భత్యం కింద వచ్చిన ఉపకారవేతనంతో ఇటలీ, ఫ్రాన్స్ తిరిగింది. అక్కడా ఆమె స్కెచ్ పుస్తకాల్లో ఎక్కువగా బొమ్మకట్టింది బిచ్చగాళ్లను, ముసలివాళ్లను, వీధుల్లోని శ్రామికుల్ని. ఆ కళ్లతోనే గ్లాస్గో తిరిగొచ్చింది.

టౌన్‌హెడ్ పిల్లలు

గ్లాస్గో నడిబొడ్డున టౌన్‌హెడ్ అనే పాత పేట ఉండేది. నాలుగంతస్తుల రాతి కట్టడాలు, పొగచూరిన గోడలు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం. ఎర్డ్లీ అక్కడే ఓ పాత ఫొటో స్టూడియో తీసుకుంది. పైకప్పు అద్దాల్లోంచి వెలుతురొచ్చే గది అది. పసిపిల్లల్ని తిప్పే పాత ప్రామ్‌లో ఈజిల్, రంగులు పెట్టుకుని, దాన్ని తోసుకుంటూ వీధుల్లో తిరిగేది. బిడ్డ ఉండాల్సిన బండిలో కుంచెలేమిటని పేటవాళ్లు మొదట్లో వింతగా చూశారు. తర్వాత అలవాటుపడ్డారు.

అసలు స్నేహం పిల్లలతో కుదిరింది. దగ్గర్లోనే శామ్సన్ కుటుంబం ఉండేది. పన్నెండుమంది సంతానం. ఆ పిల్లలు స్టూడియోకు రావడం, అల్లరి చేయడం, గోడలకు రంగులు పూయడం రోజువారీ వ్యవహారమైంది. బొమ్మకు కూర్చోమంటే నిమిషం కుదురుగా కూర్చోరు. ఆమె కూర్చోమని బలవంతపెట్టలేదు. వాళ్లు మాట్లాడుకుంటుంటే, కొట్లాడుకుంటుంటే, కామిక్ పుస్తకం మీద ఒకరి మీద ఒకరు పడి చదువుతుంటే సుద్దరంగులతో చకచకా గీసుకునేది. ఆ చిత్తుబొమ్మల నుంచి, తను తీసిన ఫొటోల నుంచి పెద్ద చిత్రాలు తయారయ్యేవి.

వాటిలో పిల్లలు ముద్దుగా ఉండరు. మోకాళ్ల దాకా జారిన మేజోళ్లు, అన్న విడిచిన కోటు తమ్ముడి ఒంటిమీద, తమ్ముడి కంటే పెద్దదిగా వేలాడుతూ. ఒక చిన్నదానికి మెల్లకన్ను. ఎర్డ్లీ దాన్ని సరిదిద్దలేదు, దాని మీద జాలీ పడలేదు. ఆ పిల్ల అలాగే, ధీమాగా, మనవైపు చూస్తుంది.

పేదరికాన్ని బొమ్మ చేసి గోడకు తగిలించడమేమిటన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి జవాబు ఆ బొమ్మల్లోనే వెతకాలి. బయటివాళ్లు వచ్చి చూసి వెళ్లే చూపు వాటిలో లేదు. ఏళ్ల తరబడి పక్కనే ఉండి, ఫలానా పిల్ల ఫలానా అన్న భుజం మీద ఎలా వాలుతుందో ఎరిగిన చూపు ఉంది. అక్క ఒళ్లో చెల్లి, చెల్లి చంకలో ఇంకో పసిగుడ్డు, ఇలా ఒకరినొకరు మోసుకు తిరిగే పిల్లలు ఆమె బొమ్మల్లో మళ్లీ మళ్లీ వస్తారు.

1962-63లో వేసిన 'పిల్లలు, సుద్దరాతల గోడ' వరసలోని మూడో చిత్రాన్ని దగ్గరగా చూడాలి. ఇద్దరు పిల్లల వెనక ఎర్రటి గోడ. దాని నిండా పిల్లకాయలు గీసిన రాతలు, సగం చెరిగిన అక్షరాలు. కాన్వాస్ మీద నూనెరంగుతోపాటు నిజం వార్తాపత్రిక ముక్కలు, తళతళలాడే లోహపు రేకు ముక్కలు అంటించింది. వీధిలో కాళ్లకింద పడుండే చెత్త నేరుగా బొమ్మలోకి వచ్చి కూర్చుంది.

ఆ పేట ఎన్నాళ్లో ఉండదని ఆమెకు తెలుసు. పాత కట్టడాల్ని కూల్చి కొత్త నగరం కట్టాలని గ్లాస్గో యంత్రాంగం అప్పటికే తీర్మానించింది. 1960ల్లో టౌన్‌హెడ్‌లో చాలాభాగం నేలమట్టమైంది. దాన్ని చీల్చుకుంటూ ఎం8 మోటార్‌వే వచ్చింది. అక్కడి సంసారాలు ఊరి చివరి కొత్త కాలనీలకు తరలిపోయాయి. ఆ వీధులు ఎలా ఉండేవో చెప్పడానికి ఇప్పుడు మిగిలిన సాక్ష్యాల్లో ఎర్డ్లీ చిత్రాలు ముఖ్యమైనవి.

గవదబిళ్లలు చూపిన ఊరు

కాటర్లైన్ ఆమె జీవితంలోకి రావడం యాదృచ్ఛికం. 1950ల ఆరంభంలో అబెర్డీన్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన జరుగుతోంది. అప్పుడే ఆమెకు గవదబిళ్లలు వచ్చాయి. కోలుకుంటున్న రోజుల్లో గాలి మార్పుకోసం ఓ స్నేహితురాలు సముద్రతీరానికి తీసుకెళ్లింది. స్టోన్‌హేవెన్‌కు దక్షిణంగా, కొండ అంచుకు అతుక్కున్న ఈ పల్లె కంటపడింది. చూడగానే మనసు పారేసుకుంది.

ఊరంటే ఎంత? కొండ మీద రాతిగోడల ఇళ్ల వరసలు. కిందికి దిగే బాట. గులకరాళ్ల ఒడ్డు, ఒక చిన్న రేవుగట్టు, నాలుగు పడవలు. సాల్మన్ చేపల వలలు ఆరేసుకునే గుంజలు. చేపలవేట అప్పటికే తగ్గుముఖం పట్టింది. ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. గ్లాస్గో పేటలాగే ఈ ఊరూ పాతకాలపు బతుకు చివరి అంచున ఉంది.

ఒకప్పుడు దొంగసరుకు మీద నిఘావేయడానికి కట్టిన వాచ్‌హౌస్ కొండ కొమ్మున ఉండేది. ఆ ఊరిని తనకు చూపించిన స్నేహితురాలు అన్నెట్ దాన్ని కొనుక్కుంటే, ఎర్డ్లీ మొదట అందులో ఉండి బొమ్మలు వేసుకుంది. తర్వాత వరసలోని ఒకటో నంబరు ఇల్లు అద్దెకు తీసుకుంది. కరెంటు లేదు, కుళాయి లేదు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. కొన్నేళ్లకు అదే ఊళ్లో ఇంకో ఇల్లు కొనుక్కుంది. ఒకటో నంబరు గది పనికి, రంగులకు మిగిలిపోయింది.

మొదట్లో సగం రోజులు గ్లాస్గోలో, సగం ఇక్కడ. తుపాను వస్తోందని ఊళ్లోవాళ్లు ఫోన్ చేస్తే చాలు, చేతిలో పని వదిలేసి బయల్దేరేది. మన పాతతరానికి బాగా తెలిసిన లాంబ్రెటా స్కూటర్ ఉండేది ఆమెకు. దానిమీదే ఆ దూరమంతా వచ్చేది. తుపానంటే అందరూ ఇళ్లలోకి పరిగెత్తే వేళ, ఆమె ఒడ్డుకు పరిగెత్తేది.

గాలికి ఎదురుగా హార్డ్‌బోర్డు

సముద్రాన్ని ఒడ్డున నిలబడి నూనెరంగుల్లో వేయడం మాటలు కాదు. కాన్వాస్ గుడ్డ గాలికి తెరచాపలా ఉబ్బుతుంది. అందుకే ఎక్కువగా హార్డ్‌బోర్డు వాడింది. అది బిర్రుగా ఉంటుంది, చవక కూడా. ఐదారడుగుల పలకను ఈజిల్ మీద నిలబెట్టి, తాళ్లతో కట్టి, ఎగిరిపోకుండా రాళ్లు, లంగరు వేలాడదీసేది. ఒంటిమీద దళసరి కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆమె స్నేహితురాలు, ఫొటోగ్రాఫర్ ఆడ్రీ వాకర్ తీసిన ఫొటోల్లో ఈ అవతారం చూడొచ్చు. ఆడ్రీకి ఆమె రాసిన ఉత్తరాల నిండా వాతావరణమే. ఇవాళ వెలుగెలా ఉంది, గాలి ఎటు తిరిగింది, బొమ్మ ఎంతవరకు వచ్చింది. ఆమెకు ఆత్మీయురాలు ఎవరంటే ఆడ్రీ పేరే చెప్పాలి.

నూనెరంగు త్వరగా ఆరదు. చలిలో అయితే మరీ. మామూలు చిత్రకారుడికి అది ఇబ్బంది. ఎర్డ్లీ దాన్నే ఆసరా చేసుకుంది. తడి మీద తడి వేసింది, గీకింది, మళ్లీ పూసింది. పెద్ద కుంచెలతో, చెయ్యి భుజం నుంచి కదిలించి వేసిన పూతలవి.

1961 నాటి 'కెరటం' చూడండి. వెడల్పు ఆరడుగుల పైమాట. ఎదురుగా బూడిదరంగు నీళ్లు నిలువెత్తున లేచాయి. వెనక ఆకాశం కారుమబ్బు పట్టింది. చూసేవాళ్లు ఎత్తున కొండ మీద లేరు, ఒడ్డునే నిలబడి ఉన్నారు. మరో క్షణంలో ఆ నీళ్లు మీద పడతాయి. గ్యాలరీవాళ్లు ఈ చిత్రం వివరాల్లో 'నూనెరంగు, గ్రిట్' అని రాశారు. అంటే, రంగులో గరుకు రేణువులు కలిసి ఉన్నాయి. ఉప్పాడ తీరంలో కడలి కోతకు గోడలు కూలడం చూసినవాళ్లకు ఈ కెరటం బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

వేసవిలో అదే మనిషి ఇంటి వెనక్కి తిరిగేది. అక్కడ ఓట్స్, బార్లీ చేలు. గట్ల మీద గడ్డిపూలు. 'వేసవి పొలాలు' చిత్రంలో నిజం గడ్డిపరకలు రంగులో కూరుకుపోయి ఉన్నాయి. 1960 సెప్టెంబరులో వేసిన ఇంకో చిత్రంలో గింజ కట్టిన గడ్డి కంకులు, తెల్లటి చేమంతిజాతి పూలు. వాటిలో అసలు కంకి ఏదో, కుంచె గీసిన కంకి ఏదో తేడా పట్టాలంటే ముక్కు ఆనించాలి. పొలాన్ని చూసి వేయడం ఒక ఎత్తు, పొలాన్నే తెచ్చి బొమ్మలో నాటడం ఇంకో ఎత్తు.

దూరం నుంచి చూస్తే కెరటం, పొలం. దగ్గరికెళ్తే గీతలు, ముద్దలు, మరకలు. ఆ రోజుల్లో అమెరికాలో, పారిస్‌లో నైరూప్య చిత్రకళ ఊపుమీదుంది. ఆ గాలి ఆమెకూ తగిలింది. రంగును రంగుగానే వదిలేసే ధైర్యం అక్కడి నుంచే వచ్చిందని చెప్పొచ్చు. అయితే ఆమె కాళ్లు మాత్రం నేల వదల్లేదు. ఎంత నైరూప్యంగా వెళ్లినా, అది ఫలానా ఒడ్డు, ఫలానా నెల, ఫలానా గాలి అని చెప్పగలిగేంత గుర్తు మిగిల్చింది.

మగవాళ్ల అకాడమీలో

రాయల్ స్కాటిష్ అకాడమీ 1826లో మొదలైంది. ఒక మహిళకు పూర్తిస్థాయి సభ్యత్వం ఇవ్వడానికి దానికి 118 ఏళ్లు పట్టింది. 1944లో శిల్పి ఫిలిస్ బోన్‌కు ఆ గౌరవం దక్కింది. చిత్రకారిణుల్లో మొదట ఆన్ రెడ్‌పాత్, 1952లో. ఆ తర్వాత మూడేళ్లకు ఎర్డ్లీ సహసభ్యురాలైంది. 1963లో పూర్తి సభ్యత్వం వచ్చింది.

గౌరవంతోపాటు గొడవా వచ్చింది. 1955లో ఆమె నిద్రపోతున్న ఓ మగవాడి నగ్నచిత్రం వేసింది. కూర్చున్నది ఆమె స్నేహితుడు, చిత్రకారుడు ఆంగస్ నీల్. బక్కచిక్కిన దేహం, అలసిన నిద్ర, అందులో రెచ్చగొట్టేదేమీ లేదు. మగ చిత్రకారులు ఆడవాళ్ల నగ్నచిత్రాలు వేయడం శతాబ్దాలుగా కళ. ఒక ఆడది మగవాడిని వేసేసరికి పత్రికలకు వార్త! ఆ రభస ఆమెను నొప్పించింది. తర్వాత ఆమె చూపంతా పిల్లల మీద, సముద్రం మీద పెట్టింది.

లండన్ కూడా ఆలస్యంగానే కళ్లు తెరిచింది. 1963 వేసవికి ముందు అక్కడి రోలండ్, బ్రౌజ్ అండ్ డెల్బాంకో గ్యాలరీలో పెట్టిన ప్రదర్శన బాగా విజయవంతమైంది. అప్పటికే ఆమె ఒంట్లో బాగాలేదు.

ఆ ఏడాది

1962 క్రిస్మస్ మర్నాటి నుంచి బ్రిటన్‌ను చలి పట్టుకుంది. మార్చి వచ్చేదాకా వదల్లేదు. ఇంగ్లండులో 1740 తర్వాత అంతటి చలికాలం లేదని వాతావరణ లెక్కలు చెబుతాయి. మనం మొదట చూసిన మంచు చిత్రం ఇంచుమించు ఆ రోజులదే. అదే కాలంలో ఒడ్డుకు లాగిన పడవల్ని, ఎదురుగాలి సముద్రాన్ని, గ్లాస్గో పిల్లల్ని కూడా వేస్తూనే ఉంది. ఎక్కడా చెయ్యి వణికిన జాడ లేదు. పైపెచ్చు, రంగు మునుపటికంటే తెగువగా పడింది.

ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అది మెదడుకు పాకింది. చూపు మందగించింది. 1963 ఆగస్టు 16న ఆస్పత్రిలో కన్నుమూసింది. చితాభస్మాన్ని కాటర్లైన్ ఒడ్డునే కలిపారు. గ్లాస్గో స్టూడియోలో ఈజిల్ మీద 'ఇద్దరు పిల్లలు' చిత్రం సగంలో ఆగిపోయి ఉంది. రంగులు, అంటించిన కాగితాలు, ఇంకా కుదురుకోని ముఖాలు.

చాలాకాలం ఆమె పేరు స్కాట్లండ్ దాటి పెద్దగా వినిపించలేదు. లండన్‌కు దూరంగా ఉండటం, చిన్నవయసులోనే పోవడం, ఆడమనిషి కావడం... మూడూ కలిసొచ్చిన నష్టం. 2016లో ఎడింబరో ఆధునిక కళా గ్యాలరీలో మొదలైన పెద్ద ప్రదర్శన ఆమె రెండు చోట్లనూ పక్కపక్కన నిలబెట్టి చూపింది. 2021లో శతజయంతి. కొవిడ్ ఆంక్షల మధ్యే స్కాట్లండ్ అంతటా ఆమె బొమ్మలు మళ్లీ గోడలెక్కాయి.

అలా పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇదీ: గ్లాస్గో పిల్లలు వేరు, కాటర్లైన్ సముద్రం వేరు కాదు. రెండింటినీ ఆమె ఒకే పద్ధతిలో సంపాదించుకుంది. అక్కడే ఉండి, వాళ్లలో ఒకరై, విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చూసి. 'కాటర్లైన్‌లో చలికాలం' ఒక్కరోజు పనిలా అనిపించవచ్చు. దాని వెనక ఆ వాలును ఎండలో, వానలో, కోతల్లో, గాలిలో చూసిన పదేళ్లున్నాయి. ఆ ఇళ్ల కప్పులు ఎక్కడ వంగుతాయో, మంచు ఎక్కడ ముందు కరుగుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు. అందుకే అంత తక్కువ గీతల్లో ఊరు మొత్తం నిలబడింది. ఒక చిత్రకారిణికి ఎన్ని ఊళ్లు కావాలి అంటే, ఎర్డ్లీ లెక్కలో ఒకటి చాలు, రెండైతే ఎక్కువే!

ఎక్కడ చూడొచ్చు?

• 'కాటర్లైన్‌లో చలికాలం', 'కెరటం', 'వేసవి పొలాలు', 'పిల్లలు, సుద్దరాతల గోడ' ఎడింబరోలోని స్కాట్లండ్ జాతీయ గ్యాలరీల సేకరణలో ఉన్నాయి.

• ఆగిపోయిన చివరి చిత్రం 'ఇద్దరు పిల్లలు' గ్లాస్గో మ్యూజియాలది. లండన్‌లోని టేట్ గ్యాలరీ దగ్గర 'సాల్మన్ వలల గుంజలు' ఉంది. అబెర్డీన్ ఆర్ట్ గ్యాలరీలోనూ ఆమె చిత్రాలున్నాయి.

• ఈ గ్యాలరీల శాశ్వత సేకరణలు చూడ్డానికి టికెట్ లేదు. గ్లాస్గో, అబెర్డీన్‌లలో చదువుకుంటున్న మన పిల్లలు సెలవురోజు తీరిగ్గా వెళ్లిరావచ్చు. అన్ని చిత్రాలూ ఎప్పుడూ గోడమీద ఉండవు కాబట్టి, వెళ్లేముందు గ్యాలరీ వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.